భూమి అయస్కాంత క్షేత్రం మీద చదువుకుంటానంటోంది మా పాప, వద్దనమంటారా?

అల్లూరు వైపు నుంచి ఒక తల్లి రాశారు. పాప ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ, నెల్లూరులో హాస్టల్లో ఉంటోంది. టెన్త్‌లో ఉండగా, 2023 సెప్టెంబరు 2న, సూర్యుణ్ణి చూసే ఆదిత్య-ఎల్1 ఉపగ్రహాన్ని మోసుకుని రాకెట్ శ్రీహరికోట నుంచి లేస్తుంటే మిద్దెక్కి చూసిందట. ఆ తర్వాత వేసవి సెలవుల్లో, 2024 మే నెలలో, లద్దాఖ్‌లోని హాన్లే దగ్గర రాత్రిపూట ఆకాశం ఎర్రబడిన ఫోటోలు చూసింది. అప్పట్నుంచి ఒకటే మాట, భూమి అయస్కాంత క్షేత్రం ఎందుకు మారుతుందో చదువుతా, సైంటిస్టునవుతా అని. వాళ్ళాయనకు రొయ్యల గుంటలు, రేట్ల సంగతి మన జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంట్లో అందరూ కంప్యూటర్ సైన్స్ అంటున్నారు. "సార్, అసలు అదొక ఉద్యోగమేనా, ఎన్నేళ్ళు చదవాలి, ఆడపిల్ల, రేపు సంబంధాలు వస్తాయి, వద్దని గట్టిగా చెప్పమంటారా" అని అడిగారు.

అమ్మా, చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. వద్దని చెప్పకండి. అలాగని ఇవాళే సరేనని కూడా అనకండి. పాపకు నచ్చింది ఆ ఎర్రటి ఆకాశమా, లేక దాని వెనకాల రోజూ చేయాల్సిన పనా అన్నది మీకూ తెలియదు, నాకూ తెలియదు, చాలావరకు పాపకూ ఇంకా తెలియదు. అది తేలడానికి ఒక రెండు నెలలు చాలు, ఎలాగో కింద చెప్తాను.

ఉద్యోగమేనా అంటే, ఉద్యోగమే, అదీ మన దేశంలో చాలా పాత ఉద్యోగం. ముంబై కొలాబాలో 1841 నుంచే భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలవడం మొదలుపెట్టారు. 1859 సెప్టెంబరులో సూర్యుడి మీద జరిగిన పేలుడు వల్ల వచ్చిన పెద్ద అయస్కాంత తుఫానును అక్కడి పరికరాలు పట్టుకున్నాయి, క్షేత్రం బలంలో దాదాపు 1,600 నానోటెస్లాల (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న కొలమానం అది) పతనం నమోదైంది, ఇప్పటికీ దాని గురించి రాసే శాస్త్రవేత్తలు మన కొలాబా లెక్కల్ని తిరగేయాల్సిందే. తర్వాత ముంబైలో ట్రాములు కరెంటుతో నడిపే రోజులు రాగానే ఆ కరెంటు కొలతల్ని పాడు చేస్తుందని 1904లో అబ్జర్వేటరీని సముద్రం అవతల అలీబాగ్‌కు మార్చారు. ఆ పనంతా ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జియోమాగ్నటిజం చూస్తోంది, హెడ్డాఫీసు నవీ ముంబైలోని న్యూ పన్వేల్. వాళ్ళ అబ్జర్వేటరీ ఒకటి మన విశాఖపట్నంలోనే ఉంది. హైదరాబాద్‌లో భూమి లోపలి సంగతులు చూసే పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది, చుట్టూ నగరం పెరిగిపోయాక వాళ్ళు చౌటుప్పల్‌లో ఇంకో అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఇక మీకు అన్నిటికన్నా దగ్గర గాదంకి, తిరుపతి దాటి చిత్తూరు రోడ్డులో, అక్కడి ఎన్ఏఆర్ఎల్ అనే వాతావరణ పరిశోధనశాలలో పెద్ద రాడార్‌తో పై వాతావరణాన్ని చూస్తుంటారు. తిరువనంతపురంలో స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ, అహ్మదాబాద్‌లో పీఆర్ఎల్ అనే ఫిజిక్స్ పరిశోధనశాల, ఇవి కూడా ఈ పనికి పేరున్న చోట్లే.

ఇంతకీ ఏం చదువుతారు వీళ్ళు? పాప మీకు చెప్పే ఉంటుంది కానీ, మీరు ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పాలి గదా, అందుకని నా మాటల్లో చెప్తాను. మన కాళ్ళ కింద దాదాపు 2,900 కిలోమీటర్ల లోతుకు పోతే కరిగిన ఇనుము కదులుతూ ఉంటుంది, ఆ కదలికలో పుట్టే కరెంటే భూమిని అయస్కాంతంగా చేస్తోంది. అది ఏళ్ళ తరబడి నిదానంగా మారుతుంది. పైనుంచి వచ్చే మార్పు వేరు. పొద్దున ఎండ పడగానే మన నెత్తిన వంద కిలోమీటర్ల ఎత్తులో గాలి కాస్త కరెంటు పారే స్థితికి వస్తుంది, ఆ కరెంటు వల్ల కింద మన ఇంట్లో ఉన్న దిక్సూచి ముల్లు కూడా కంటికి ఆననంత కదులుతుంది. పొద్దెక్కేకొద్దీ పెరిగి, సాయంత్రానికి సర్దుకుంటుంది. రోజూ జరిగేదే ఇది. అయస్కాంత మధ్యరేఖ, అంటే అయస్కాంతపు ముల్లు పైకీ కిందికీ వంగకుండా నేలకు సమంగా నిలిచే గీత, మన దేశం దక్షిణపు కొన మీదుగా పోతుంది కాబట్టి అక్కడ ఈ కరెంటు సన్నటి పట్టీలా ఒకచోట చేరి చాలా బలంగా పారుతుంది, దాన్ని ఎలక్ట్రోజెట్ అంటారు. 1963 నవంబరు 21న మన దేశం తొలి రాకెట్‌ను తిరువనంతపురం పక్కన తుంబా నుంచి వేసింది కూడా ఆ చోటు అయస్కాంత మధ్యరేఖకు దగ్గరని, ఈ సంగతుల్ని చూడొచ్చని. అంటే మీ పాప మిద్దె మీంచి చూసిన రాకెట్ల కథ మొదలైందే ఈ సబ్జెక్టుతో. ఇది నాకు ఎప్పుడు తల్చుకున్నా ఒళ్ళు పులకరించే విషయం.

ఇక సూర్యుడి నుంచి పెద్ద దెబ్బ తగిలినప్పుడు వచ్చేది అయస్కాంత తుఫాను. మన వైపు క్షేత్రం బలం నలభై వేల నానోటెస్లాల పైచిలుకు ఉంటుంది. 2024 మే 10, 11 తేదీల్లో అందులోంచి ఓ నాలుగు వందలు పడిపోయాయి. నూటికి ఒక వంతు, అంతే. ఆ ఒక్క వంతు పడేసిన తుఫానుకే లద్దాఖ్‌లో ఆకాశం ఎర్రబడింది. 1989 మార్చిలో ఇలాంటి తుఫానుకే కెనడాలోని క్యుబెక్‌లో 60 లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు పోయింది. 2022 ఫిబ్రవరిలో అంత పెద్దది కూడా కాదు, ఒక మోస్తరు తుఫానుకే, ఎగరేసిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 పడిపోయాయి, పై గాలి వేడెక్కి చిక్కబడి వాటిని కిందికి లాగేసింది. మన జువ్వలదిన్నె వైపు బోట్లవాళ్ళు జీపీఎస్ చూసుకునే గదా వేటకు పోయేది, చీకటి పడ్డాక కొన్ని రాత్రుళ్ళు, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, పై వాతావరణంలో బుడగల్లాంటివి లేచి జీపీఎస్ సిగ్నల్‌ను వణికిస్తాయి. అవి ఏ రాత్రి వస్తాయో ముందే చెప్పగలగాలని చాలామంది ఏళ్ళుగా తంటాలు పడుతున్నారు. ఇంకా కుదరలేదు. కాబట్టి పాప పెద్దయ్యేసరికి చేయడానికి పనేమీ మిగలదన్న భయం పెట్టుకోవద్దు.

ఇప్పుడు ఆ పని దగ్గర్నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే ఫోటోల్లో అది కనపడదు. ఒకసారి ఓ ఇరవై మంది పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక అబ్జర్వేటరీకి వెళ్ళాను. ఊరికి దూరంగా, చెట్ల మధ్య, మన పొలాల్లో మోటారు గది ఉంటుందే, అంత గది. తలుపు బందులు ఇత్తడివి, ఎక్కడా ఒక్క ఇనుప మేకు లేదు. లోపలికి పోయే ముందు ఫోన్లు, తాళాలు, బెల్టులు, వాచీలు, ఆడపిల్లల జడపిన్నులతో సహా బయట ఒక బుట్టలో వేయించారు. లోపల రాతి దిమ్మె మీద థియోడలైట్, అంటే కోణాలు కొలిచే దుర్భిణి లాంటి పరికరం, దాని దగ్గర ఒకాయన కన్ను ఆనించి, అటు తిప్పి ఇటు తిప్పి, తలకిందులు చేసి మళ్ళీ తిప్పి, ప్రతిసారీ ఒక అంకె పుస్తకంలో రాసుకుంటున్నాడు, మాట లేదు, పలుకు లేదు. అలా అరగంట. మిషన్ తనంతట తనే సెకనుకోసారి కొలిచి కంప్యూటర్‌కు పంపుతూనే ఉంది, అయినా అది దారి తప్పకుండా ఉందా లేదా అని మనిషి వచ్చి చూసుకోవాల్సిందేనట. పది నిమిషాలయ్యాక పిల్లలు ఒక్కొక్కరే జారుకుని చెట్టుకింద బుట్ట దగ్గరికి చేరారు. చివరిదాకా ఇద్దరే నిలబడ్డారు. ఒకబ్బాయి ఆయన రాసిన అంకెల్ని తను కూడా చేతి మీద పెన్నుతో రాసుకుంటున్నాడు. అతను ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తున్నాడు. రెండో అమ్మాయి బ్యాంకులో ఉంది, బాగానే ఉంది.

ఈ రంగంలో మనిషి రోజు ఎక్కువ భాగం కంప్యూటర్ ముందే గడుస్తుంది. పైథాన్‌లో ప్రోగ్రాములు రాసుకుని, ఏళ్ళ తరబడి పోగుపడ్డ అంకెల్లో ఏది సూర్యుడి వల్ల వచ్చింది, ఏది పక్క రోడ్డులో పోయిన లారీ వల్ల వచ్చింది అని వేరు చేసుకుంటూ కూర్చోవాలి. అప్పుడప్పుడు కొత్త స్టేషన్ పెట్టడానికి కొండలూ అడవులూ తిరగాలి, అదృష్టం ఉంటే అంటార్కిటికాలోని మన మైత్రి, భారతి కేంద్రాలకు పోవాలి. పేపర్ రాసి పంపితే ఆరు నెలలకు తప్పులెంచి వెనక్కి వస్తుంది, మళ్ళీ రాయాలి. ఓపికలేని పిల్లలకు ఇది నరకం, ఓపిక ఉన్నవాళ్ళను ఇంకో పనిలో కూర్చోబెట్టలేం.

అందుకే రెండు నెలల పరీక్ష. జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ వాళ్ళు డీఎస్‌టీ అనే సూచికను గంటగంటకూ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెడతారు, భూమధ్యరేఖకు అటూ ఇటూ క్షేత్రం ఎంత పడిందో అందులో తెలుస్తుంది. పాపను ఒక నోట్‌బుక్ కొనుక్కోమనండి. రోజూ ఒకే టైముకు, పది నిమిషాలు మాత్రమే, ఆ రోజు అన్నిటికన్నా కిందికి పోయిన విలువ రాసి, గ్రాఫ్ పేపర్ మీద ఒక చుక్క పెట్టమనండి. హాస్టల్లో ఫోన్ ఇవ్వరు, నాకు తెలుసు, అంకె మీరు చూసి సాయంత్రం ఫోన్లో చెప్పండి, లేదా ఆదివారం ఏడు రోజులవీ ఒకేసారి చూసుకోనివ్వండి. సూర్యుడు తన చుట్టూ తాను తిరిగి మళ్ళీ అదే ముఖం మనకు చూపడానికి దాదాపు 27 రోజులు పడుతుంది. ఒక్కోసారి ఒక నెల పడిపోయిన చోటే 27 రోజుల తర్వాత మళ్ళీ పడుతుంది. ఈ సంగతి పాపకు ముందే చెప్పకండి. తనంతట తాను కనిపెట్టి, "అమ్మా, పోయిన నెల కూడా ఇలాగే పడింది" అని ఫోన్ చేసిందనుకోండి, నేను ఇంకేం అడగను. ఒకవేళ మూడోవారానికే నోట్‌బుక్ మంచం కింద చేరిందనుకోండి, తిట్టకండి, మన లెక్కకు అదీ మంచి జవాబే.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఇంకొకటి. ఫోన్‌లో ఫైఫాక్స్ అని ఉచిత యాప్ ఉంది, అందులో మాగ్నటోమీటర్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేది) తెరిస్తే మీ ఇంట్లో నలభై మైక్రోటెస్లాలకు, అంటే నలభై వేల నానోటెస్లాలకు, అటూ ఇటూగా చూపిస్తుంది. పక్కన ఇనుప పెనం పెడితే ఎగిరి గంతేస్తుంది. కానీ నేను పైన చెప్పిన రోజువారీ కదలిక దానికి దొరకదు, ఫోన్ అంకె ఊరకే ఊగే ఊపు కన్నా అది చాలా చిన్నది. ఎందుకు దొరకదో లెక్కగట్టి చెప్పమనండి. ఆ లెక్క తనకు సరదాగా అనిపించిందా, విసుగనిపించిందా, మీ కళ్ళకే తెలుస్తుంది.

సరే, దారుల సంగతి. నాకు అన్నిటికన్నా నచ్చేది ఐజర్, సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్రం నడిపే సంస్థ, తిరుపతి ఐజర్ ఏర్పేడు దగ్గరే, మీకు రైలు దిగితే కాలేజీ. ఇంటర్ కాగానే ఐఏటీ అని పరీక్ష రాయాలి, ఐదేళ్ళ బీఎస్-ఎమ్మెస్. ఇందులో ఒక చిక్కుంది, చాలామంది ఎంపీసీ పిల్లలకు ఆఖరి నిమిషం దాకా తెలియదు. పేపర్లో 60 ప్రశ్నలుంటే 15 బయాలజీవి. రెండేళ్ళుగా ఆ పుస్తకం ముట్టని పిల్లలు అక్కడ చతికిలపడతారు. మొత్తం బయాలజీ చదవక్కర్లేదు, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోంచి జన్యుశాస్త్రం, కణం, పర్యావరణం పాఠాలు ఈ సెలవుల్లో చదివిస్తే చాలావరకు గట్టెక్కుతుంది. అదే చేత్తో నెస్ట్ అనే ప్రవేశ పరీక్ష కూడా రాయించండి, ఐజర్ లాంటిదే అయిన భువనేశ్వర్ నైసర్‌కు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే తిరువనంతపురంలో అంతరిక్ష శాఖ కాలేజీ ఐఐఎస్‌టీలో ఇంజనీరింగ్ ఫిజిక్స్ ఉంది. ఇవేవీ కుదరకపోతే మంచి ఫిజిక్స్ లెక్చరర్లున్న కాలేజీలో బీఎస్సీ చేర్పించి, ఐఐటీ జామ్ అనే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష రాయించి ఎమ్మెస్సీకి పెద్ద చోటికి పంపొచ్చు, లేదా ఆంధ్రా యూనివర్సిటీలో జియోఫిజిక్స్ చేయించొచ్చు. కాలేజీని మాత్రం బిల్డింగ్ చూసి చేర్పించొద్దమ్మా, ల్యాబ్‌లోకి పోయి బల్లల మీద దుమ్ము ఉందా లేదా చూడండి. బీటెక్ తీసుకున్నా తలుపు మూసుకుపోదు, ఈసీఈ చేసి, గేట్ గానీ, ఫిజిక్స్ పీహెచ్‌డీకి పెట్టే జెస్ట్ గానీ రాసి, పరికరాలు తయారుచేసే వైపు నుంచి ఈ రంగంలోకి వచ్చినవాళ్ళు ఉన్నారు. కాకపోతే నాలుగేళ్ళు క్యాంపస్ ప్లేస్‌మెంట్ల గోలలో ఉండి ఫిజిక్స్ మీద ప్రేమ నిలబెట్టుకోవడం కష్టం.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. చాలా ఏళ్ళ కిందట ఉదయగిరి వైపు నుంచి ఒక రైతు తన కొడుకును నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఆ అబ్బాయికి ఫిజిక్స్ అంటే ప్రాణం. ఇంటి పరిస్థితి చూసి నేనే బీటెక్ చేయమన్నాను, తొందరగా చేతికి అందొస్తాడని. మూడో సంవత్సరంలో సగం సబ్జెక్టులు మిగిలిపోయి, మానేసి ఇంటికొచ్చాడు. తర్వాత బీఎస్సీలో చేరి, ఎమ్మెస్సీ చేసి ఇప్పుడు లెక్చరర్‌గా ఉన్నాడు, కానీ ఆ మూడేళ్ళూ, ఆ ఫీజులూ నా మాట వల్ల పోయాయి. అప్పటి నుంచి ఇంటి పరిస్థితి ఒక్కటే చూసి పిల్లల చదువు తేల్చడం మానేశాను. అలాగని చూడకుండానూ ఉండలేం, అందుకే డబ్బు లెక్క విప్పి చెప్తాను.

ఇంటర్ బోర్డు పరీక్షల్లో పై ఒక శాతంలో ఉండి, బీఎస్సీ గానీ ఐజర్ లాంటి చోట బీఎస్-ఎమ్మెస్ గానీ చేస్తే, కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కు అర్హత ఉంటుంది. ఏడాదికి 80,000, అందులో 60,000 నేరుగా పాప ఖాతాలో పడతాయి, మిగతా 20,000 వేసవి ప్రాజెక్టుకు. కాబట్టి ఐఏటీ టెన్షన్‌లో బోర్డు మార్కుల్ని వదిలేయొద్దని చెప్పండి. ఐదేళ్ళయ్యాక, అంటే 23 ఏళ్ళ వయసుకు, నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్ళకు నెలనెలా ఇచ్చే భృతి, వస్తే నెలకు 37,000, పైన ఇంటి అద్దె భత్యం, రెండేళ్ళ తర్వాత 42,000. పీహెచ్‌డీకి ఐదేళ్ళు వేసుకోండి. అంటే 23 తర్వాత మీ చేతి డబ్బు పెట్టక్కర్లేదు, కానీ 28 దాకా పాప నుంచి ఇంటికి పెద్దగా ఆశించడానికీ ఉండదు. ఆ తర్వాత రెండు మూడేళ్ళు పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, తరచుగా విదేశాల్లో. అది దాటితే పర్మనెంట్ ఉద్యోగం, ఇస్రోలో సైంటిస్టుల మొదటి మెట్టు కేంద్ర జీతాల పట్టికలో లెవెల్ 10, నెలకు బేసిక్ 56,100. నేను దాచకుండా చెప్పాల్సింది, ఈ పర్మనెంట్ పోస్టులు తక్కువ. మంచి పీహెచ్‌డీ ఉన్నవాళ్ళు కూడా ఎదురుచూస్తారు. రొయ్యల గుంటల మీద అప్పు ఉండి, పాప 22 ఏళ్ళకే సంపాదిస్తే గానీ ఇల్లు గడవదన్న పరిస్థితి ఉంటే, అది ఇప్పుడే తనకు చెప్పండి, సంకోచపడకండి, పదిహేడేళ్ళ పిల్లకు అర్థమవుతుంది.

మధ్యలో దిగాల్సి వస్తే ఎక్కడ దిగొచ్చో కూడా మీకు తెలియాలి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ గానీ జియోఫిజిక్స్ గానీ ఉంటే యూపీఎస్సీ వాళ్ళ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి దేశంలోని ఖనిజాల్ని వెతికే జీఎస్ఐలో జియోఫిజిసిస్టుగా చేరొచ్చు, ఓఎన్‌జీసీ కూడా జియోఫిజిసిస్టుల్ని తీసుకుంటుంది, యురేనియం వెతికే అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ హైదరాబాద్‌లోనే ఉంది. ఇవన్నీ అదే అయస్కాంత క్షేత్రాన్ని నేల వైపు నుంచి చూసే పనులు. ఒంగోలు పక్కన కొణిజేడు కొండల్లో మాగ్నటైట్ ఇనుప ఖనిజం ఉంది గదా, అలాంటివి మట్టికింద ఎంత దూరం పోయాయో తవ్వకుండా చెప్పడానికి మాగ్నటోమీటరే వాడతారు. ఇక ఐదేళ్ళు అంకెల మీద పైథాన్‌తో కుస్తీ పట్టిన పిల్లకు డేటా సైన్స్ ఉద్యోగాలు ఎటూ ఉంటాయి. మీ వాళ్ళు అడుగుతున్న సాఫ్ట్‌వేర్ ఇటువైపు నుంచి కూడా అందుతుంది, అటువైపు నుంచి ఇటు రావడమే కష్టం.

పెళ్ళి గురించి అడిగారు. పీహెచ్‌డీ మధ్యలో పెళ్ళయి, పిల్లల్ని కని, ఆరు నెలలు ఆగి మళ్ళీ వచ్చి పూర్తి చేసినవాళ్ళు నాకు తెలుసు. ఇబ్బంది పెళ్ళితో కాదు, "ఇంకా చదువేంటి" అనే ఇంటితో వస్తుంది. సంబంధం వచ్చినప్పుడు ఇంకా ఎన్నేళ్ళు మిగిలిందో ముందే చెప్పి ఒప్పించే పని మీదీ, మీ ఆయనదీ. పాప చూసిన ఆ ఆదిత్య-ఎల్1కు ప్రాజెక్టు డైరెక్టర్‌గా పనిచేసిన నిగార్ షాజీ గారు కూడా తమిళనాడు సెంగోట్టై అనే చిన్న ఊరి నుంచి వచ్చిన ఆడమనిషే. ఆ ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది, ఆరు మీటర్ల కర్ర లాంటి చేతి మీద మాగ్నటోమీటర్ పెట్టుకుని, సూర్యుడి నుంచి వచ్చేదాన్ని మనకన్నా ముందే కొలుస్తోంది. ఉపగ్రహంలోని ఇనుము, కరెంటు కొలతల్ని చెడగొట్టకుండా అంత దూరం జరిపారు, నేను చూసిన ఆ గది బయట జడపిన్నులు తీయించినట్టే. ఈ ముక్క పాపకు చెప్పండి, సంతోషిస్తుంది.

ఇప్పుడు చేయాల్సినవి మూడే. ఐఏటీ అప్లికేషన్ ఎప్పుడు తెరుస్తారో వాళ్ళ సైట్లో వారానికోసారి చూస్తూ ఉండండి, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) కూడా రాయనివ్వండి, అది చేతిలో ఉంటే ఇంట్లో వాళ్ళకు ధైర్యం. సంక్రాంతి సెలవుల్లో గాదంకికి ముందుగా ఉత్తరం రాసి, చూడడానికి అనుమతి ఇస్తారేమో అడగండి. నోట్‌బుక్ ఈ ఆదివారమే మొదలుపెట్టించండి. రెండు నెలలయ్యాక ఆ గ్రాఫ్ పేపర్ ఫోటో తీసి నాకు పంపండి, మధ్యలో ఖాళీలుంటే ఖాళీలతోనే పంపండి.